యాభై అడుగుల స్వాతంత్ర్యం

వరహాలమ్మ అల్బేనియా వెళ్ళివచ్చిన సంగతి మా ఆఫీసులో పదకొండు రోజులపాటు ఎవరికీ తెలియదు. ఆవిడ పనిచేసేది తపాలా సెక్షన్లో. వచ్చిన ఉత్తరానికి నంబరు వేసి లోపలికి పంపడం, లోపలి ఉత్తరానికి నంబరు వేసి బయటికి పంపడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా కవర్ల మీద ఊళ్ళ పేర్లు రాసీ రాసీ, ఎప్పుడైనా తానే ఒక ఊరు వెళ్ళాలని ఆవిడకు అనిపించడంలో వింత లేదు. వింతల్లా, అనుకున్నది చేసేయడమే.

మాది రాష్ట్ర స్థలనామ నమోదు సంస్థ. విశాఖపట్నంలో, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ మూడంతస్తుల భవనం. రాష్ట్రంలోని ప్రతి ఊరు, పేట, పాలెం, వలస పేరునూ తప్పుల్లేకుండా రిజిస్టరులోకి ఎక్కించడం మా బాధ్యత. ఆ ఊళ్ళకు వెళ్ళడం మా బాధ్యత కాదు. నా పేరు సూరిబాబు. డైరెక్టరు చెరుకుమిల్లి దక్షిణామూర్తిగారి దగ్గర స్టెనోని. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం నా ఉద్యోగం.

ఒకరోజు క్యాంటీన్లో సూపరింటెండెంట్లు ముగ్గురూ విదేశీ టూరు ప్యాకేజీల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన ఏడు రోజుల్లో ఎనిమిది దేశాలు చూసి వచ్చాడు. రెండు దేశాలు నిద్రలో వెళ్ళిపోయాయని బాధపడుతున్నాడు. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న వరహాలమ్మ, తాను మొన్న ప్యాకేజీ ఏమీ లేకుండా ఒక సంచీ పట్టుకుని అల్బేనియా వెళ్ళి వచ్చానని మామూలుగా చెప్పింది.

మొదట ఎవరూ నమ్మలేదు. తరవాత అల్బేనియా ఎక్కడుందని అడిగారు. ఆవిడ బల్ల మీద టీ చుక్కతో గ్రీసు గీసి, దాని పైన వేలు పెట్టింది. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య మినీబస్సులు తిరుగుతాయనీ, నిండేదాకా కదలవనీ చెప్పింది. బెరాత్ అనే ఊళ్ళో కొండమీదంతా కిటికీలే ఉన్న తెల్లటి ఇళ్ళు ఉంటాయట. అక్కడ ద్రిత అనే ఆవిడ ఇంట్లో అద్దెకు మంచం దొరికిందట. ద్రితకు తెలుగు రాదు, వరహాలమ్మకు అల్బేనియన్ రాదు. అయినా తొమ్మిది రోజులు ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. ద్రిత తన భర్త పోయిన సంగతి చెబితే వరహాలమ్మకు అర్థమైంది. వరహాలమ్మ ఉల్లిపాయ పులుసు ఎలా పెట్టాలో చెబితే ద్రితకు అర్థమైంది.

"సెప్టెంబర్లో ద్రాచ్చ కోస్తారంట. రమ్మంది. వత్తానని మాటిచ్చీసినాను," అంది వరహాలమ్మ.

ఈ మాట మధ్యాహ్నానికల్లా డైరెక్టరుగారి చెవిన పడింది. సరిగ్గా ఆ వారమే సచివాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చి ఉంది. ప్రతి సంస్థా నెలాఖరులోగా ఒక వినూత్న కార్యక్రమం ప్రారంభించాలని దాని సారాంశం. కిందటేడు మేము పంపిన వినూత్న కార్యక్రమం రిజిస్టర్లకు అట్టలు మార్చడం. అంతకు ముందటేడు ఆ అట్టల రంగు నిర్ణయించడం. ఈసారి ఏమీ తోచక డైరెక్టరుగారు నాలుగు రోజులుగా భోజనం సరిగ్గా చేయడం లేదు. వరహాలమ్మను పిలిపించారు.

"మిమ్మల్ని ఎవరు తీసుకెళ్ళారు?" అని అడిగారు.

"ఎవులూ తీసికెల్లనేదండి. నానొక్కదాన్నే ఎల్లాను."

"ఒక్కరే అంటే, మొత్తం ఎంతమంది?"

వరహాలమ్మ నా వైపు చూసింది. "ఒకరండి," అంది.

డైరెక్టరుగారు ఆ సంఖ్యను కాగితం మీద రాసుకుని చుట్టూ సున్నా చుట్టారు. కార్యక్రమం ఎవరు రూపొందించారని అడిగారు. అక్కడికి వెళ్ళాక మనుషులను అడిగి వెళ్ళానని ఆవిడ చెప్పింది. ముందస్తు అనుమతి లేకుండానా అని ఆయన అడిగారు. బస్సు ఎక్కడానికి అనుమతి ఎందుకని ఆవిడ అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఇంత వినూత్నమైన సంగతి ఆయన విని ఉండలేదు.

పది రోజుల్లో పథకం తయారైంది. దాని పేరు ‘స్వతంత్ర మితవ్యయ స్వల్పసందర్శిత ఐరోపా దేశ పర్యటనా ప్రోత్సాహక పథకం’. నిబంధనలు రాసింది ఉప సంచాలకులు విశ్వపతిగారు. ఊరి పేరు మధ్యలో అడ్డగీత ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్నదాని మీద నలభై పేజీలు రాసిన మనిషి. ఇది ఆయనకు చెయ్యి తిరిగిన పనే. మొత్తం అరవై నాలుగు నిబంధనలు. టైపు చేసింది నేనే కాబట్టి కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి.

"7. స్వతంత్ర పర్యాటకుడు అనగా తోటి స్వతంత్ర పర్యాటకునికి యాభై అడుగుల లోపు ఉండని వ్యక్తి."

"15. పర్యటనలో తీసుకొను ఆకస్మిక నిర్ణయములను పదిహేను రోజులు ముందుగా నమూనా-4లో సమర్పించవలెను."

"19. దారి తప్పుట స్వతంత్ర పర్యటనలో అంతర్భాగము. అయితే అది రెండు గంటలకు మించరాదు. దారి తప్పదలచినవారు నమూనా-9లో ముందస్తు అనుమతి పొందవలెను."

"22. అపరిచితుల దయ పొందిన ఎడల, సదరు అపరిచితుని సంతకము, చిరునామా, దయ యొక్క స్వభావము నమోదు చేయవలెను."

ఫోన్లు దగ్గరుంటే స్వతంత్రత దెబ్బతింటుంది గనుక అందరి ఫోన్లూ ఒక సంచీలో వేసి, లక్కముద్ర కొట్టి, విశ్వపతిగారి దగ్గర ఉంచాలన్నది ముప్ఫయ్యో నిబంధన. పొదుపుగా ప్రయాణించడం ఎలాగో అధ్యయనం చేయడానికి ఆయన ఢిల్లీకి రెండుసార్లు విమానంలో వెళ్ళి వచ్చారు.

అరవై నాలుగోది మాత్రం చిన్న నిబంధన. సంస్థ ఉద్యోగులెవరూ స్వల్పసందర్శిత దేశాలకు పథకం వెలుపల, సొంతంగా, ఒంటరిగా వెళ్ళరాదు. అట్లు వెళ్ళుట స్వతంత్ర పర్యటన స్ఫూర్తికి విరుద్ధము.

వరహాలమ్మ సెప్టెంబరుకు పెట్టుకున్న సెలవు దరఖాస్తు ఈ నిబంధన కింద తిరిగొచ్చేసింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఆ ద్రాక్ష కోత కోసం ఆవిడ మేలో తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఒక్క ఆదివారం కూడా ఊరు కదలకుండా ఉంది. మొదటి ప్రయాణానికి డబ్బు కూడబెట్టడం కోసం పోయినేడాది కొత్త చీర కూడా కొనుక్కోలేదని మా అందరికీ తెలుసు.

"నా పయానం నాక్కాకుండా సేసీసినారు సూరిబాబూ," అంది చివరికి.

పైవాళ్ళు ఆవిడను పూర్తిగా వదిలేయలేదు. మొదటి విడత పర్యటనకు మార్గదర్శిగా నియమించారు. అయితే మార్గదర్శి దారి చూపిస్తే పర్యాటకులు స్వతంత్రులు కారు కాబట్టి, దారి చూపించకూడదని షరతు పెట్టారు. ఎలాగైతేనేం బెరాత్ వెళ్ళవచ్చు, ద్రితకిచ్చిన మాట నిలబడుతుందని వరహాలమ్మ ఒప్పుకుంది.

మొదటి విడతలో ఏడుగురం. డైరెక్టరుగారు, విశ్వపతిగారు, ముగ్గురు సూపరింటెండెంట్లు, వరహాలమ్మ, జరిగినదంతా రాసుకోవడానికి నేను. వెళ్ళేముందు దారి తప్పడంలో శిక్షణ ఉండాలని విశ్వపతిగారు పట్టుబట్టారు. అందుకు విజయనగరం ఎంపికైంది. ఉదయం పది నుంచి పన్నెండు వరకు అందరూ విడివిడిగా దారి తప్పాలి.

శిక్షణ పూర్తయ్యాక నివేదికలు నేనే పోగుచేశాను. విశ్వపతిగారి అత్తవారు విజయనగరమే. ఆయన నమూనాలో అపరిచితుని పేరు దగ్గర మామగారి పేరూ, దయ యొక్క స్వభావం దగ్గర ‘పులిహోర, రెండు కూరలు, నిద్ర’ అనీ ఉన్నాయి. ఒక సూపరింటెండెంటు తన పెళ్ళి చేసిన పురోహితుడికి ఎదురుపడి ఆయన వెంట ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాడు. డైరెక్టరుగారు మాత్రం రెండు గంటలూ గంటస్తంభం దాటి పోలేకపోయారు. ఏ సందులోకి తిరిగినా ఎవరో ఒకరు "సార్, దారి ఇటండి" అని వెనక్కి తీసుకొచ్చి వదిలిపెట్టారట. ఆయన మొహంలో చిన్న దిగులు కనిపించింది. శిక్షణ సంతృప్తికరం అని నేను రాసుకున్నాను.

సెప్టెంబరు రెండో వారంలో తిరానా చేరాం. అల్బేనియా రాజధాని అది. ఏడుగురికీ వీపు మీద ఒకేలాంటి ఊదారంగు సంచులు. పథకం పేరు పొడుగు కావడం వల్ల అక్షరాలు సంచీ చుట్టూ తిరిగి వచ్చాయి. పూర్తిగా చదవాలంటే మనిషి చుట్టూ ప్రదక్షిణ చేయాలి. విశ్వపతిగారు భూమి కొలిచే టేపు తెచ్చారు. విమానాశ్రయం బయట ఒక్కొక్కరినీ యాభై అడుగుల దూరంలో నిలబెట్టి, ఇక స్వతంత్రంగా నడవమన్నారు.

మొదటి మనిషి నుంచి చివరి మనిషి వరకు మూడు వందల అడుగులు. ఊళ్ళోకి వచ్చాక, వరహాలమ్మ రోడ్డు దాటేసరికి చివరనున్న విశ్వపతిగారు ఇంకా వెనక వీధి మలుపులో ఉండేవారు. ఒక ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన మొదటి ఊదారంగు సంచీకి చెయ్యి ఊపాడు. రెండోదానికీ ఊపాడు. మూడోదానికి కళ్ళజోడు పెట్టుకున్నాడు. అయిదో సంచీ వచ్చేసరికి భార్యను కేకేసి బయటికి పిలిచాడు. నేను ఆరో మనిషిని. మేమిద్దరం, అంటే ఆ భార్యా నేనూ, ఒకరినొకరం మర్యాదగా చూసుకున్నాం.

మరునాడు ఉదయం మినీబస్సుల స్టాండు దగ్గర ఇబ్బంది వచ్చింది. బెరాత్ వెళ్ళే మినీబస్సు పొడవు ఇరవై అడుగులైనా లేదు. ఇద్దరు ఎక్కితే ఏడో నిబంధన ఉల్లంఘన. అందువల్ల ఒక్కో బస్సులో ఒక్కరే ఎక్కాలని విశ్వపతిగారు తేల్చారు. బస్సు నిండేదాకా కదలదు కాబట్టి ఒక్కో మనిషికీ గంట పట్టింది. మొదట వరహాలమ్మ వెళ్ళింది. తరవాత ఒకరి వెనక ఒకరం.

బెరాత్‌లో ద్రిత ఇల్లు నదికి ఎదురుగా, కొండ వాలులో ఉంది. వాకిలంతా ద్రాక్ష పందిరి. నేను వెళ్ళేసరికి ఇద్దరు ఆడవాళ్ళూ గడప మీద కూర్చుని, ఎవరి భాషలో వాళ్ళు, ఆగకుండా మాట్లాడుకుంటున్నారు. మరునాడే కోత అని వరహాలమ్మ నాకు చెప్పింది. బుట్టలు కడిగి వరసగా బోర్లించి ఉన్నాయి. సాయంత్రానికి ఆరుగురం చేరాం. డైరెక్టరుగారు రాలేదు.

ఆయన నాకంటే ముందు బయల్దేరిన మనిషి. పొద్దుపోయేదాకా చూశాం, రాలేదు. పొద్దున్నే ద్రిత వాకిట్లో విశ్వపతిగారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆ వాకిలి యాభై అడుగులు లేదు. కాబట్టి ఒక సూపరింటెండెంటును మేడ మీదికి, ఒకరిని సందు చివరికి, మరొకరిని కింద నది ఒడ్డుకు పంపి, ఆయన మెట్ల మీద నిలబడి కేకలు వేస్తూ సమావేశం నడిపారు. నేను రాసుకోవడానికి అటూ ఇటూ పరిగెత్తాను. చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. అక్కడ కిటికీలు చాలా ఎక్కువని ముందే చెప్పాను.

అరవైకి దగ్గరపడ్డ మనిషి, రక్తపోటు ఉంది, చేతిలో ఫోను లేదు, భాష రాదు, పోలీసులకు చెబుదామని వరహాలమ్మ అంది. లక్కముద్ర వేసిన సంచీలో డైరెక్టరుగారి ఫోను అప్పటికి తొమ్మిదోసారి మోగుతోంది. ఇంటి నుంచి ఆయన భార్య అయ్యుంటారు. సంచీ విప్పడానికి అనుమతి ఇవ్వవలసిన అధికారి డైరెక్టరుగారే కావడం వల్ల ఎవరూ తియ్యలేకపోయాం.

"వారు నమూనా-9 సమర్పించారా?" అని విశ్వపతిగారు నన్ను అడిగారు.

లేదని చెప్పాను.

"ముందస్తు అనుమతి లేనందున వారు దారి తప్పినట్లు పరిగణించుటకు వీలులేదు. దారి తప్పని వ్యక్తిని వెతుకుట నిబంధనలకు విరుద్ధం. రాసుకోండి."

రాసుకున్నాను. వరహాలమ్మ గోడకు ఆనించిన తన సంచీ తీసి భుజాన వేసుకుంది. ఊదారంగుది కాదు, సొంత సంచీ.

"మీ కాయితాల మాట నాకు తెల్దండి. మనిసి కనబడనేదు. నానెల్తన్నాను," అంది.

ద్రితకు చేతులతోనే సంగతి చెప్పింది. పందిరి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ద్రిత లోపలికి వెళ్ళి రొట్టె, జున్నుముక్క గుడ్డలో కట్టి ఇచ్చింది. నన్ను కూడా వెళ్ళమని విశ్వపతిగారు ఆదేశించారు. వెతకడానికి కాదు, వరహాలమ్మ చేయబోయే ఉల్లంఘనలు రాసుకోవడానికి. నేను యాభై అడుగుల వెనక బయల్దేరాను. బస్సు దగ్గర ఆగిపోతే ఆవిడ తల బయటికి పెట్టి పిలిచింది.

"వచ్చి నా పక్కన కూకో సూరిబాబూ. ఊపిరి పీల్చడానిక్కూడా ఫారం ఎయ్యాలేటి."

ఎక్కి కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను తెలిసి చేసిన మొదటి తప్పు అది. ఆవిడ సగం రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది.

తిరానా స్టాండులో మా దగ్గర డైరెక్టరుగారి ఫొటో లేదు. వరహాలమ్మ డ్రైవర్ల మధ్యకు వెళ్ళి నిలబడింది. మెడ దగ్గర వేలితో టై గీసి చూపించింది. రెండు చేతులతో పొట్ట చూపించింది. తరవాత కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, గాలిలో పెద్ద సంతకం పెట్టింది. అయిదుగురు డ్రైవర్లూ ఒక్కసారే ఉత్తరం వైపు చెయ్యి చూపించారు.

ఏం జరిగిందో ఒక డ్రైవరు నటించి చూపిస్తే తెలిసింది. డైరెక్టరుగారు ఒక బస్సు దగ్గరికి వెళ్ళి బెరాత్ అని అడిగారు. డ్రైవరు గడ్డం ఒక్కసారి పైకెత్తాడు. మన దగ్గర అది ‘ఆఁ, ఎక్కు’ అన్నట్టు ఉంటుంది. అక్కడి పాతకాలపు మనుషుల్లో అది ‘కాదు’. డైరెక్టరుగారు ఎక్కి, సర్దుకుని, నిద్రపోయారు.

ఆ బస్సు దారిలోనే మేమూ వెళ్ళాం. నాలుగు గంటలు కొండలెక్కాక దారిలో ఒక కొట్టు దగ్గర రాత్రికి ఆగాం. తెల్లవారాక మరో బస్సు. దాని ఆఖరి ఊరు ముప్ఫై ఇళ్ళుండే పల్లె. దిగగానే ఒకాయన మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా, ఇళ్ళ వెనక చేనుకు తీసుకెళ్ళాడు. ఏం చూడాల్సి వస్తుందోనని ఇద్దరికీ భయంగానే ఉంది.

డైరెక్టరుగారు చేలో ఉన్నారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, టైతో నడుం బిగించి, బంగాళదుంపలు తవ్వుతున్నారు. పక్కన నల్లటి తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ నిలబడి ఆయన్ని తిడుతోంది. భాష తెలియకపోయినా తిట్లని తెలుస్తూనే ఉంది.

మమ్మల్ని చూసి ఆయన గునపం నేలకు ఆనించారు. "రండి వరహాలమ్మగారూ. ఈవిడ మొన్నటి నుంచి నన్ను తిడుతోంది. దుంప తెగితే ఒక తిట్టు, తెగకపోతే ఇంకో తిట్టు."

వరహాలమ్మ గట్టు మీద చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒంట్లో బాగుందా బాబూ?" అంది. ఆయన్ని ఎప్పుడూ సార్ అని తప్ప పిలవని మనిషి.

"బాగుందమ్మా. నేను చేసిన పని ఒకరు చూసి, ఇది తప్పు అని చెప్పడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇదే మొదటిసారి," అన్నారు ఆయన.

ఆ ఇంటివాళ్ళు మాకు పాలు, రొట్టె పెట్టారు. మొన్న బస్సు ఆగిపోయాక దిక్కుతోచక ఏడుపొచ్చిందని డైరెక్టరుగారు ఏ మొహమాటం లేకుండా చెప్పారు. ఆ ముసలావిడే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, తిండి పెట్టి, తెల్లారగానే గునపం చేతికిచ్చిందట. ఆ ఊరి పేరు ఆయన జేబు పుస్తకంలో అయిదు రకాలుగా రాసుకున్నారు. ఊళ్ళో ఉన్నప్పుడు ఒకలా, ఊరికి వెళ్ళేటప్పుడు ఒకలా పలుకుతున్నారట. మన రిజిస్టరులో ఊరికి ఒక్క గడే ఉందని దిగులుపడ్డారు. తాను తప్పిపోయి ఎంతసేపైందని నన్ను అడిగారు.

"యాభై ఒక్క గంటలండి."

"అనుమతి ఎంత?"

"రెండు గంటలండి."

"ఎవరు సంతకం పెట్టారు దానికి?"

"తమరేనండి."

ఆయన లేచి, మిగిలిన వరస తవ్వడానికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం బస్సుకు బయల్దేరదీయడం మాకు చాలా కష్టమైంది. ముసలావిడ ఆఖరుసారి తిట్టి, రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టి పంపింది. దయ యొక్క స్వభావం దగ్గర ఏం రాయాలో నాకు తోచలేదు.

బెరాత్ చేరేసరికి పందిరి ఖాళీగా ఉంది. కోత అయిపోయింది. వరహాలమ్మ లోపలికి వెళ్ళి, ద్రిత పక్కన కూర్చుని, ఖాళీ బుట్టలు కడగడం మొదలుపెట్టింది. డైరెక్టరుగారు వాకిట్లో నిలబడి అది చూశారు. తరవాత తానూ ఒక బుట్ట తీసుకుని కడిగారు. ఆ బుట్ట వరహాలమ్మ మళ్ళీ కడిగింది.

ఇంటికొచ్చాక విశ్వపతిగారు నివేదిక సమర్పించారు. పథకం అన్ని విధాలా విజయవంతమైందనీ, డైరెక్టరుగారు ఒక్కరే అనుమతి లేకుండా తప్పిపోయారనీ సారాంశం. సంస్థలో సంజాయిషీ అడిగే అధికారం డైరెక్టరుకే ఉంది. అందువల్ల దక్షిణామూర్తిగారు దక్షిణామూర్తిగారికి మెమో ఇచ్చారు. వారం రోజుల్లో సమాధానం రాసుకున్నారు. ఆ సమాధానం తనకు సంతృప్తికరంగా లేదని తనకే తెలియజేశారు. మూడు ఉత్తరాలూ టైపు చేసింది నేనే. మధ్యలో తపాలా సెక్షన్లో వరహాలమ్మ వాటికి నంబర్లు వేసింది.

అప్పుడు సచివాలయం విచారణ సంఘం వేసింది. ఆయన నిజంగా తప్పిపోయారా, లేక అక్కడికే వెళ్ళారా అన్నది తేల్చడానికి పదకొండుమంది ఆ పల్లెకు వెళ్ళి వచ్చారు. వాళ్ళు వెళ్ళింది సరైన పల్లేనా అని నిర్ధారించడానికి ఇంకో తొమ్మిదిమంది వెళ్ళారు. పథకం నచ్చి మరో ఆరు సంస్థలు తమ తమ విడతలు పంపాయి. బంగాళదుంపల లోతు కొలవడానికి వ్యవసాయం తెలిసినవాళ్ళు కొందరు వెళ్ళారట. ముసలావిడ అందరికీ గునపాలు ఇచ్చిందని విన్నాను. ఆ ఏడాది చేను రెండుసార్లు తవ్వేశారట.

జూన్లో ఉత్తర్వు వచ్చింది. మా రాష్ట్ర అధికారులు అధిక సంఖ్యలో సందర్శించినందున అల్బేనియాను స్వల్పసందర్శిత దేశాల జాబితా నుంచి తొలగించడమైనది. ఇకపై సదరు దేశం పథకం పరిధిలోకి రాదు.

వరహాలమ్మ ఆ ఉత్తర్వుకు నంబరు వేసి లోపలికి పంపి, దాని వెనకే సెప్టెంబరు సెలవు దరఖాస్తు కూడా పంపింది. అభ్యంతరం చెప్పడానికి విశ్వపతిగారికి నిబంధన దొరకలేదు. రెండు రోజులు వెతికి, మూడోనాడు సంతకం పెట్టారు. సెప్టెంబరు ఒకటిన ఆవిడ ఒక సంచీ పట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. నాకు మాత్రం చెప్పింది. ఈసారి ఉల్లిపాయ పులుసు కాదు, గుత్తివంకాయ నేర్పుతుందట.

అదే వారం డైరెక్టరుగారు నన్ను పిలిచి, తన తరఫున సెలవు చీటీ రాసుకోమన్నారు. సర్వీసు మొత్తంలో ఆయన పెట్టిన మొదటి సెలవు. ఇరవై రోజులు. కారణం అన్నచోట ఏం రాయమంటారని అడిగాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"ఊరికే," అన్నారు.

షార్ట్‌హ్యాండులో ‘ప్రజాప్రయోజనార్థం’కి ఒక గుర్తు ఉంది. ‘అనివార్య కారణములచే’కి ఒక గుర్తు ఉంది. ‘ఊరికే’కి లేదు. అక్షరాల్లోనే రాసుకున్నాను.

డైరెక్టరు సెలవు చీటీ పరిశీలించే అధికారం ఉప సంచాలకులది. ఒక పూటలో అది విశ్వపతిగారి రాతతో తిరిగొచ్చింది: "‘ఊరికే’ అనుటకు తగిన రుజువు జతపరచవలెను."

దక్షిణామూర్తిగారు కాగితం తిప్పి, వెనకవైపు ‘జతపరచడమైనది’ అని రాసి, సంతకం చేసి, ఏమీ జతపరచకుండా నా చేతికిచ్చారు.

విశ్వపతిగారు ఫైలు రెండుసార్లు తిరగేశారు. కాగితం వెలుతురుకు పెట్టి చూశారు. తరవాత కలం తీసి, రుజువు పరిశీలించడమైనది, సంతృప్తికరముగా ఉన్నది అని రాసి పంపేశారు.